బేగంపేటలో దొరికిన మలేరియా రహస్యము

చారిత్రక స్థలము అనగానే సాధారణముగా మనస్సునకు తోచునవి కోటలు, దేవాలయములు, స్తూపములు, సమాధులు. హైదరాబాదునకు విజ్ఞానయాత్రకు వచ్చు విద్యార్థులు చార్మినారును చూతురు, గోలకొండ మెట్లు ఎక్కుదురు, సాలార్‌జంగ్ మ్యూజియములో గంటలు కొట్టు గడియారము ముందు గుమిగూడుదురు. అదే నగరమున బేగంపేటలో, పాత విమానాశ్రయమునకు చేరువలో, ఒక బంగళా కలదు. దానికి బురుజులు లేవు, శిల్పములు లేవు; ఏ రాజు పేరుతోను దానికి సంబంధము లేదు. అయినను ప్రపంచములోని వైద్యశాస్త్ర చరిత్ర గ్రంథములన్నింటిలోను ఈ చోటికి స్థానమున్నది. ఇచ్చటనే 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును కోసి చూచి, మలేరియా జ్వరము వ్యాపించు మార్గమును మొదటిసారి కనుగొనెను.

ఈ వృత్తాంతమును తెలిసికొనుట వలన రెండు ప్రయోజనములు కలవు. ఒక శాస్త్రసత్యము ఎంత ఓర్పుతో, ఎన్ని పొరపాట్లు దాటి బయటపడునో తెలియుట మొదటిది. ఇంటిలో పెద్దలు, బడిలో ఉపాధ్యాయులు నిత్యము చెప్పు ఆరోగ్య సూత్రములు ఎక్కడ నుండి పుట్టినవో తెలియుట రెండవది. “నీరు నిలువ ఉండనీయకుడు” అను మాట ఎన్నోమార్లు వినుటచేత చప్పబడిపోయినది. దాని వెనుకనున్న కారణము తెలిసినవానికి అది ఎన్నటికిని చప్పబడదు.

పాత జ్వరము, పాత ఊహలు

చలితో వణికించి, కాల్చివేయునట్లు కాక తెప్పించి, చెమటలు పట్టించి విడిచి, మరల ఒకటి రెండు దినముల కెల్ల తిరిగివచ్చు జ్వరమును మన పూర్వులు బాగుగా ఎరుగుదురు. ఆయుర్వేద గ్రంథములు దీనిని విషమజ్వరములలో చేర్చి, తిరిగివచ్చు వ్యవధిని బట్టి తృతీయకము, చతుర్థకము అని పేర్లు పెట్టినవి. తెలుగు ప్రజలు దానిని చలిజ్వరము అనిరి. తూర్పు కనుమలలోని ఏజెన్సీ ప్రాంతములకు పోయి వచ్చినవారిని పట్టుకొనునది గనుక మన్యపు జ్వరము అనియు అనిరి.

జ్వరపీడితులను గూర్చిన శ్రద్ధ కూడ మన దేశమున కొత్తది కాదు. ఇక్ష్వాకుల రాజధానియైన నాగార్జునకొండలో దొరికిన ఒక శాసనమున ‘విగతజ్వరాలయ’ అను మాట కలదు. బౌద్ధ విహారములో జ్వరపడినవారి కొరకు ప్రత్యేకించిన వసతి అని పండితులు దానికి అర్థము చెప్పిరి. అనగా సుమారు పదునేడు వందల సంవత్సరముల క్రిందటనే రోగికి వేరుగా చోటు, విశ్రాంతి, పరిచర్య కావలెనని కృష్ణాతీరమున గుర్తించిరన్నమాట. నాగార్జునసాగరమును చూడబోవువారు ద్వీపముపై నున్న మ్యూజియమును దర్శించునపుడు ఈ మాటను జ్ఞాపకము చేసికొనవలెను.

అయితే పరిచర్య తెలిసినంత మాత్రమున రోగకారణము తెలియదు. చెడుగాలి వలన ఈ జ్వరము వచ్చునని ఐరోపావారు అనుకొనిరి. ఇటాలియను భాషలో ‘మల అరియ’ అనగా చెడుగాలి. మలేరియా అను పేరు దాని నుండియే వచ్చినది. బురదనేలల నుండి రాత్రివేళ లేచు ఆవిరి మనుష్యుని రక్తమును పాడుచేయునని వారి నమ్మకము. ఈ నమ్మకములో కొంత పరిశీలన లేకపోలేదు. జ్వరము నీరు నిలిచిన చోటులలోనే ఎక్కువ. రాత్రివేళ బయట పడుకొన్నవారికే ఎక్కువ. పరిశీలన సరియైనదే గాని, దానికి చెప్పుకొన్న కారణము తప్పు. నీటికిని మనిషికిని నడుమ ఎగురుచున్న చిన్న ప్రాణిని ఎవరును లెక్కలోనికి తీసికొనలేదు.

మందు మాత్రము ముందే దొరికినది. దక్షిణ అమెరికా నుండి వచ్చిన సింకోనా చెట్టు బెరడు ఈ జ్వరమును తగ్గించునని పదునేడవ శతాబ్దిలోనే ఐరోపాలో తెలిసినది. ఆ బెరడు నుండి 1820లో పెల్లెటియే, కావెంతూ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు క్వినైనును వేరుచేసిరి. 1860 ప్రాంతమున నీలగిరి కొండలలో సింకోనా తోటలు వేసిరి. కాని వచ్చిన జ్వరమును తగ్గించుట వేరు, రాకుండ చేయుట వేరు. రాకుండ చేయుటకు దారి తెలియవలె నన్నచో, అది వచ్చు దారి తెలియవలెను.

దోమపై అనుమానము

మొదటి మెట్టు ఎక్కినవాడు ఆల్ఫోన్స్ లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు. ఆయన ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియాలో పనిచేయుచు, 1880 నవంబరు 6వ తేదీన ఒక జ్వరపీడితుని రక్తపు బొట్టును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో కదలుచున్న జీవులను చూచెను. అవి ఎర్ర రక్తకణములలో చేరి, కణము లోపలి పదార్థమును తిని, నల్లని చిన్న చిన్న రేణువులను మిగుల్చును. ఈ నల్లని రేణువులను చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు రాబోవు కథ అంతయు వాటిపైననే ఆధారపడియున్నది. ఈ పరాన్నజీవులు రక్తములో పెరిగి, చీలి, అన్నియు ఒక్కమారుగా కణములను పగులగొట్టుకొని బయటికి వచ్చినపుడే చలి, జ్వరము పుట్టునని ఇటలీలో గోల్జీ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. జ్వరము దినము విడిచి దినము వచ్చుటకు కారణము అది.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఒకరి రక్తములో దాగియున్న జీవి మరియొకరి రక్తములోనికి ఎట్లు పోవుచున్నది?

పాట్రిక్ మాన్సన్ అను స్కాట్లండు వైద్యుడు 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేయుచు, బోదకాలు వ్యాధికి కారణమైన సన్నని పురుగులు దోమ శరీరములో పెరుగునని చూచియుండెను. మలేరియా జీవికి కూడ దోమయే ఆశ్రయము కావచ్చునని ఆయన ఊహ. అయితే దోమ జీవితములో ఒక్కమారే రక్తము త్రాగునని, తరువాత నీటిలో పడి చచ్చునని, ఆ నీటిని త్రాగినవారికి జ్వరము సోకునని ఆయన అనుకొనెను. ఊహలో మొదటి సగము సత్యము. రెండవ సగము అసత్యము. 1894లో లండనులో ఈ ఊహను విన్నవాడు రోనాల్డ్ రాస్.

రాస్ మన దేశములోనే, హిమాలయ పాదములందలి ఆల్మోరాలో 1857 మే 13వ తేదీన జన్మించెను. తండ్రి సైనికాధికారి. బాలునికి చిత్రలేఖనము, కవిత్వము, గణితము ఇష్టము. తండ్రి ఒత్తిడిచేత వైద్యము చదివెను. 1881లో ఇండియను మెడికల్ సర్వీసులో చేరి, మద్రాసు మొదలైన చోట్ల పనిచేసెను. వైద్యమునందు మొదట అంత ఆసక్తి లేని ఈ మనిషిని మాన్సన్ ఊహ పూర్తిగా పట్టుకొనెను.

సికిందరాబాదులో శ్రమ

1895లో రాస్ 19వ మద్రాసు పదాతిదళపు వైద్యుడుగా సికిందరాబాదు దండునకు వచ్చెను. జ్వరపు రోగులకు అచ్చట కొదువ లేదు. దోమలకు అంతకంటె లేదు. ఆయన మొదట మాన్సన్ చెప్పిన దారినే పోయెను. రోగులను కుట్టిన దోమలు చచ్చిన నీటిని, ఒప్పుకొన్న కొందరిచేత త్రాగించి చూచెను. ఒకనికి కొద్దిపాటి జ్వరము వచ్చినది, తక్కినవారికి రాలేదు. ఒక్క ఫలితము ఊహకు అనుకూలముగా నుండుట చూచి సంతోషించి అక్కడ ఆగియుండిన యెడల రాస్ పేరు నేడు ఎవరికిని తెలియదు. మరల మరల ప్రయోగము చేసి, నీటి మార్గము సరికాదని ఆయన క్రమముగా తెలిసికొనెను.

ఇట్టి ప్రయోగములను మనుష్యులపై చేయుట నేటి వైద్య నియమములు అంగీకరింపవు. ఆనాడు జ్వరముతో బాధపడుచు, కొద్దిపాటి డబ్బుకు తమ శరీరమును దోమలకు అప్పగించిన పేదవారి పాలు కూడ ఈ విజ్ఞానములో కలదని మరువరాదు.

నడుమ కొంతకాలము ప్రభుత్వము ఆయనను కలరా నివారణకై బెంగుళూరునకు పంపెను. 1897 వేసవిలో నీలగిరుల దగ్గర సీగూరు కనుమలో తిరిగినపుడు రాస్‌కే మలేరియా సోకినది. కోలుకొని ఆ సంవత్సరమే మరల సికిందరాబాదు చేరి పని మొదలుపెట్టెను.

అంతవరకు ఆయన కోసిన దోమలు రెండు రకములు: బూడిదరంగువి, చారలు గలవి. నేటి పేర్లలో చెప్పవలెనన్నచో అవి క్యూలెక్సు, ఈడిసు జాతులకు చెందినవి. వాటిలో మలేరియా జీవి పెరుగదు. కాబట్టి వందల కొలది దోమలను కోసినను ఏమియు కనబడలేదు. తప్పు సూక్ష్మదర్శినిలో లేదు, కంటిలో లేదు. ఎన్నుకొన్న దోమలో ఉన్నది. ఈ సంగతి తెలియక గడిచిన కాలము సుమారు రెండేండ్లు.

1897 ఆగస్టు నెల నడుమ, ఆయన సేవకులు తెచ్చిన పిల్లపురుగుల నుండి ఇంకొక రకపు దోమలు పుట్టినవి. వాటి రెక్కలపై మచ్చలు ఉండెను. గోడపై వాలునపుడు తోక పైకెత్తి నిలుచుండెను. ఇవియే అనాఫిలిసు దోమలు. ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని దోమతెరలో పడుకొనబెట్టి ఆ దోమలను లోపల విడిచిరి. పది దోమలు కడుపునిండ రక్తము త్రాగినవి. కుట్టిన దోమ ఒక్కింటికి అణా చొప్పున హుసేన్ ఖానునకు ఇచ్చిరి.

ఆగస్టు 20

అటు తరువాతి పని చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. దోమ కడుపు ఆవగింజకంటె చిన్నది. దానిని సూదులతో విడదీసి, అద్దపు పలకపై పరచి, ఒక్కొక్క కణమును వెదకవలెను. ఒక దోమను పూర్తిగా చూచుటకు గంటల కాలము పట్టును. గాలి వీచిన యెడల దోమలు ఎగిరిపోవును గనుక పంకా లాగించుటకు వీలులేదు. ఉక్కపోతలో నుదుటి నుండి, చేతుల నుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. కంటి దగ్గరి అద్దము పగిలియుండెను. చిన్న చిన్న ఈగలు చెవులలోను కన్నులలోను దూరుచుండెను.

పది దోమలలో కొన్ని చచ్చినవి. కొన్నింటిని కోసినను స్పష్టముగా ఏమియు తేలలేదు. ఆగస్టు 20 నాటికి మిగిలినవి రెండు. మధ్యాహ్నము సుమారు ఒంటిగంటకు వానిలో ఒకదానిని రాస్ కోసెను. ఇతర భాగములన్నియు చూచి, చివరకు కడుపు గోడను పరీక్షించుచుండగా, గుండ్రని ఒక కణము కనబడెను. దాని అడ్డుకొలత సుమారు 12 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో నూరవవంతు కంటె కొంచెము ఎక్కువ. దోమ కడుపులో సహజముగా నుండు కణముల వలె అది లేదు. పరిశీలనగా చూడగా అందులో నల్లని రేణువులు కొన్ని కుప్పగా నుండెను. లావెరాన్ మనిషి రక్తములో చూచిన ఆ మలేరియా రేణువులే అవి. అట్టి కణములు మరికొన్ని దొరికినవి.

మరునాడు చివరి దోమను కోసెను. అందులోను అవే కణములు, అవే రేణువులు. కాని ఈమారు కణములు నిన్నటికంటె పెద్దవి. ఒక్క దినములో అవి పెరిగినవి!

ఈ రెండు దినముల పరిశీలనలో ఎంత తర్కమున్నదో విద్యార్థులు గమనింపవలెను. ఒకటి: ఆ రేణువులు మలేరియా రక్తములో తప్ప ఇతరత్ర లేవు. రెండు: రోగిని కుట్టని దోమలలోను, ఇతర జాతుల దోమలలోను అట్టి కణములు కనబడలేదు. మూడు: అవి దినదినము పెరుగుచున్నవి, కావున జీర్ణమైపోవుచున్న ఆహారము కాదు, దోమ శరీరములో బ్రతుకుచున్న ప్రాణి. కేవలము రెండు దోమలు. అయినను సంశయమునకు చోటులేదు. 1897 డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో రాస్ వ్యాసము ప్రకటింపబడెను. ఆగస్టు 20వ తేదీని నేటికిని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు.

మిగిలిన సగము

ఇంత జరిగిన వెంటనే పరిశోధన సాగవలసినది. కాని సెప్టెంబరులో రాస్‌ను రాజపుత్రస్థానములోని ఖేర్వాడాకు బదిలీ చేసిరి. మలేరియా అచ్చట తక్కువ. 1898 ఆరంభమున కలకత్తాలో ఆయనకు ఒక చిన్న ప్రయోగశాల దొరికినది. అప్పుడు ప్లేగు భయముచేత జనులు రక్తపరీక్షకు ముందుకు రాకుండిరి. అందుచేత రాస్ పక్షులకు వచ్చు మలేరియాను ఎన్నుకొనెను. మహమ్మద్ బక్స్ అను సహాయకుడు దోమలను, పిచ్చుకలను సమకూర్చి, రాత్రింబవళ్లు తోడ్పడెను. కడుపు గోడపై పెరిగిన కణములు పగిలి, వాని నుండి సన్నని దారముల వంటి బీజములు వెలువడి, దోమ లాలాజల గ్రంథులలో చేరునని 1898 జూలైలో రాస్ చూచెను. అట్టి దోమలచేత కుట్టించిన ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు మలేరియా వచ్చినది. జబ్బు వచ్చునది నీటి నుండి కాదు, గాలి నుండి కాదు. దోమ కాటు నుండియే అని తేలిపోయెను.

అదే సంవత్సరము ఇటలీలో గ్రాస్సీ, బిగ్నామి, బాస్టియనెల్లి అను వారు మనుష్యుల మలేరియా అనాఫిలిసు దోమలలో పూర్తిగా పెరుగు విధమును వర్ణించిరి. ఈ కీర్తి ఎవరిది అని రాస్‌కును గ్రాస్సీకిని చాలకాలము వివాదము జరిగినది. 1902లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము రాస్‌కు లభించెను. లావెరానుకు 1907లో లభించెను.

తెలిసిన సత్యము, సడలిన శ్రద్ధ

కారణము తెలిసిన వెంటనే నివారణ సాధ్యమైనది. సూయజ్ కాలువ ఒడ్డున నున్న ఇస్మాయిలియా పట్టణము మలేరియాకు పేరుపొందియుండెను. 1902లో రాస్ సలహాపై అచ్చటి గుంటలు పూడ్చి, నిలువ నీటిపై నూనె చల్లించిరి. కొలది సంవత్సరములలో జ్వరము ఆ పట్టణమును విడిచెను.

మన దేశములో స్వాతంత్ర్యము వచ్చునాటికి ఏటా సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వచ్చుచుండెననియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ప్రారంభమైనవి. ఇంటింటి గోడలపై డి.డి.టి. చల్లిరి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు దిగినది; ఆ ఏట మరణములు నమోదు కాలేదు. ఇక మలేరియా పోయినదే అని చాలమంది తలచిరి. నిఘా సడలినది, డి.డి.టి.కి చావని దోమలు పెరిగినవి. మందులకు లొంగని క్రిములు బయలుదేరినవి. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలు దాటినది.

పొరుగున నున్న శ్రీలంకలో ఇదే పాఠము ఇంకను స్పష్టముగా కనబడును. 1963లో ఆ దేశమంతటను మలేరియా రోగులు 17 మంది. పని ముగిసినదని జాగ్రత్తలు తగ్గించిరి. 1968–69 నాటి ఉపద్రవములో 5 లక్షలకు పైగా జనులకు సోకినది. తరువాత దీక్షతో పనిచేసి, 2016లో మలేరియా లేని దేశముగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిరి. మన దేశములో 2015లో 11 లక్షలకు పైగా నమోదైన రోగులు 2023లో సుమారు 2 లక్షల 27 వేలకు తగ్గిరి. 2030 నాటికి వ్యాధిని తొలగింపవలెనని లక్ష్యము. కాని ప్రపంచమంతటను 2023లో ఈ వ్యాధికి బలియైనవారు సుమారు 5 లక్షల 97 వేలు. వారిలో అధికులు ఆఫ్రికాలోని పసిపిల్లలు.

వ్యాధి మిగిలియున్నపుడు కంటె, దాదాపు పోయినపుడే ఎక్కువ మెలకువ కావలెనని ఈ అంకెలు చెప్పుచున్నవి.

దోమ జీవితమును బట్టి మన జాగ్రత్తలు

ఆరోగ్య సూత్రములను వల్లించుటకంటె దోమ జీవితమును తెలిసికొనుట మేలు. సూత్రములు వాటంతట అవే తోచును.

ఆడదోమ మాత్రమే రక్తము త్రాగును. గ్రుడ్లు పెట్టుటకు దానికి రక్తము అవసరము. మగదోమ పూలతేనెతో, ఆకుల రసముతో బ్రతుకును. గ్రుడ్లు నీటిలో పెట్టును. అవి పిల్లపురుగులై, ప్యూపాలై, రెక్కలు వచ్చి ఎగిరిపోవుటకు వేసవి వేడిలో వారము పది దినములు చాలును. ఈ వారము దినములును అది నీటిని విడిచి పోలేదు. కావున వారమున కొకమారు నీటిని పారబోసిన యెడల ఒక తరము దోమలు నశించును. వారమున కొక దినము ‘పొడిదినము’గా పాటింపుడని చెప్పుటకు కారణము ఇదియే.

అన్ని దోమలును ఒకే నీటిని కోరవు. మలేరియా దోమ సాధారణముగా శుభ్రమైన నీటిని కోరును. పల్లెలలో పంటకాలువలు, గుంతలు. కొండలలో సెలయేటి ఒడ్డులు. పట్టణములలో బావులు, మేడమీది నీళ్ల ట్యాంకులు దానికి నివాసములు. రాస్ సికిందరాబాదులో పట్టుకొన్న దోమను ఆయన తన ఆత్మకథలో అనాఫిలిసు స్టీఫెన్సై అని పేర్కొనెను. ఇది ముఖ్యముగా పట్టణములలో, మూతలేని తొట్లలోను ట్యాంకులలోను పెరుగు దోమ. 2012లో ఇది ఆఫ్రికాలోని జిబూటీలో కనబడినది. అటు తరువాత ఆ ఖండమందలి ఇతర పట్టణములకు ప్రాకుచున్నది. డెంగూ జ్వరమును తెచ్చు ఈడిసు దోమ నల్లని శరీరముపై తెల్లని చారలు కలది, పగలు కుట్టును, పూలకుండీల పళ్లెములు, కూలరులు, పాత టైరులు, కొబ్బరి చిప్పలు దానికి చాలును. దాని గ్రుడ్లు ఎండినను చావవు గనుక తొట్టిని పారబోయుట మాత్రమే చాలదు, లోపలి గోడలను తోమవలెను. బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ మురుగు కాలువలలో పెరిగి రాత్రి కుట్టును. కాబట్టి ఇంటి ముందరి మురుగును చూచి అసహ్యించుకొని, మేడమీది మంచినీళ్ల ట్యాంకును మూత లేక విడిచినవాడు ఒక దోమను తరిమి రెండు దోమలను పెంచుచున్నాడన్నమాట.

దోమ రోగిని కుట్టిన వెంటనే ఇతరులకు జబ్బు తేలేదు. క్రిమి దానిలో పెరిగి లాలాజలమునకు చేరుటకు సుమారు పది దినములు, అంతకంటె ఎక్కువ కాలము కూడ పట్టును. జ్వరము వచ్చినవానిని ముందుగా దోమతెరలో పడుకొనబెట్టుట ఇంటిలోని తక్కినవారిని కాపాడుటకే. దోమతెరను పరుపు క్రిందికి దోపవలెను, చిల్లులు కుట్టవలెను. మలేరియా దోమ చీకటి పడిన తరువాత తెల్లవారువరకు కుట్టును గనుక పసిపిల్లలను, గర్భిణులను సంధ్యవేళ నుండియే కాపాడవలెను.

చలిజ్వరము వచ్చినపుడు రక్తపరీక్ష చేయించుట మొదటి పని. మలేరియా క్రిములలో రకములు కలవు. ఫాల్సిపారం అను రకము మెదడునకు సోకి ప్రాణము తీయగలదు. వైవాక్సు అను రకము కాలేయములో దాగియుండి నెలల తరువాత తిరిగి రాగలదు. ఒకదానికి పనిచేయు మందు ఇంకొకదానికి చాలదు. కావున పొరుగువారికి తగ్గిన మాత్రలనే కొని వాడుట ప్రమాదము. వైద్యుడు చెప్పినన్ని దినములు మందు మింగవలెను. జ్వరము తగ్గినదని నడుమ మానినవాని రక్తములో మిగిలిన క్రిమి, వాని ఇంటి దోమకు మరల దొరకును.

బంగళాను చూడబోవువారికి

బేగంపేటలోని ఈ స్థలము ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది. అందలి పరాన్నజీవిశాస్త్ర సంస్థకు రాస్ పేరు పెట్టబడినది. విద్యార్థులను తీసికొనిపోవు ఉపాధ్యాయులు ముందుగా అనుమతి పొందవలెను. అచ్చట చూచుటకు వైభవమేమియు లేదని పిల్లలకు ముందే చెప్పుట మంచిది. పంకా లేని గది, పగిలిన అద్దము, రెండు దోమలు — ఈ మూడింటిని వారు మనస్సులో ఊహించుకొనగలిగిన యెడల యాత్ర ఫలించినట్లే.

గోలకొండ, వరంగల్లు, చంద్రగిరి వంటి కోటలకు పోవునపుడు కూడ ఈ కంటితోనే చూడవచ్చును. పాడుబడిన కొలనులు, దిగుడుబావులు, యాత్రికులు పారవేసిన సీసాలు, కప్పులు వాన తరువాత ఏమగునో పరిశీలింపవచ్చును. చారిత్రక స్థలమున చెత్త వేయరాదను నియమము కట్టడముల అందము కొరకు మాత్రమే కాదు.

తిరిగి వచ్చిన తరువాత పాఠశాలలోనే ఒక చిన్న పని చేయింపవచ్చును. నిలువ నీటి నుండి పిల్లపురుగులను తెల్లని పళ్లెములోనికి తీసి చూడవలెను. నీటి పైభాగమున తలము వెంబడి అడ్డముగా పడియున్నవి అనాఫిలిసు పిల్లలు. తోకను పైకి తగిలించి తలక్రిందులుగా వ్రేలాడునవి క్యూలెక్సు, ఈడిసు పిల్లలు. చూచిన తరువాత ఆ నీటిని ఎండిన నేలపై పారబోయవలెను. బడి ఆవరణములో నీరు నిలుచు చోటులకు పటము గీయించి, ప్రతి వారము ఒక తరగతివారిచేత పరీక్ష చేయించి, దొరికిన చోటుల సంఖ్యను నల్లబల్లపై వ్రాయింపవలెను. నాలుగు వారములలో ఆ సంఖ్య తగ్గుట పిల్లలకే కనబడును.

రాస్‌కు ఆ రహస్యము దొరకుటకు రెండేండ్లు పట్టినది. దానిని ఆచరణలో పెట్టుటకు వారమునకు అరగంట చాలును. ఆ అరగంట ఏ ఇంటిలో, ఏ బడిలో గడచునో అచ్చట బేగంపేట బంగళా చరిత్ర ఇంకను కొనసాగుచున్నదని చెప్పవచ్చును.